పక్క టేబుల్ కథ

హోటల్లో సర్వరుకి ఏ కథా పూర్తిగా తెలియదు. మంచినీళ్ళ గ్లాసులు పెడుతుండగా ఒక మాట చెవిన పడుతుంది. "అమ్మకి చెప్పావా మరి?" అంటుంటాడు ఒకాయన. ఆర్డరు రాసుకుని వంటింట్లో చెప్పి వచ్చేసరికి, ఎదురుగా ఉన్న అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ ఉంటుంది. మధ్యలో ఏం జరిగిందో అతనికి తెలీదు. అడగడానికీ లేదు. కూర గిన్నె దించి, "ఇంకేమైనా తెమ్మంటారా సార్?" అంటాడు. ఇద్దరూ వద్దన్నట్టు తలలూపుతారు. ఈలోగా ఆరో నంబరు టేబుల్ వాళ్ళు బిల్లు కోసం చెయ్యెత్తి ఉంటారు.

ఇలా తెగిపోయిన మాటల్నీ, మధ్యలో జారిపోయిన సంగతుల్నీ పోగేసి సినిమా తీయాలని ఇటలీ దర్శకుడు ఎత్తోరె స్కోలాకి అరవై ఏడో ఏట బుద్ధి పుట్టింది. 1998లో వచ్చిన ఆ సినిమా పేరు 'లా చేనా'. రాత్రి భోజనం అని. అందులో హీరో లేడు. ఛేజింగు లేదు. రోమ్ నగరంలో ఒక రెస్టారెంటు, అందులో ఒక సాయంత్రం, ఆ సాయంత్రం తినడానికి వచ్చిన జనం, వాళ్ళకి వండి వడ్డించిన జనం. జనం వచ్చే వేళకి మొదలై, లేచి వెళ్ళే వేళకి అయిపోతుంది. చూస్తున్నంతసేపూ నవ్వొస్తూనే ఉంటుంది. ఇంటికి వెళ్ళాక తలుచుకుంటే మాత్రం, ఆ టేబుళ్ళ దగ్గర కూర్చున్నవాళ్ళలో ఒక్కరు కూడా నిజంగా సుఖంగా లేరని తోస్తుంది.

ఫ్లోరా హోటల్లో ఓ రాత్రి

రెస్టారెంటు పేరు 'ఆర్తూరో అల్ పోర్తికో'. నడిపేది ఫ్లోరా. ఆ పాత్ర వేసింది ఫ్రెంచి నటి ఫానీ ఆర్దాన్. మరీ ఖరీదైన చోటేం కాదు. వచ్చేవాళ్ళలో చాలామంది ఆవిడకి తెలిసినవాళ్ళే. ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలో, ఎవరి పక్కన ఎవరు పడకూడదో ఆవిడకి తెలుసు. నవ్వుతూ పలకరిస్తుంది, కుర్చీ లాగి వేస్తుంది, రెండు మాటలు మాట్లాడి పక్క టేబుల్‌కి జరుగుతుంది. ఆవిడ వెంట మనమూ జరుగుతాం.

ఒక టేబుల్ దగ్గర ఫిలాసఫీ ప్రొఫెసరు, ఆయన దగ్గర చదువుకునే అమ్మాయి. ఆయన పెళ్ళయినవాడు. ఈ దాపరికం ఇక చాలు, బయటపెట్టేద్దాం అంటుంది ఆ అమ్మాయి. జీవితమంతా సత్యం గురించి పాఠాలు చెప్పిన మనిషికి ఆ ఒక్క సత్యం గొంతు దిగదు. జాన్‌కార్లో జాన్నీనీ ఈ ప్రొఫెసరు భయాన్ని ముఖంలో ఎంత దాచుకోవాలని చూస్తాడో అంత బయటపెట్టుకుంటాడు. ఇంకో టేబుల్ దగ్గర తల్లీ కూతుళ్ళు. కూతురు ఏదో చెప్పాలని పిలిచింది. ఏ పెళ్ళి కబురో అనుకునే వయసు ఆ పిల్లది. తీరా నేను సన్యాసినుల మఠంలో చేరిపోతాను అంటుంది. తల్లిగా వేసిన స్తెఫానియా సాండ్రెల్లి ఆ మాట విన్నప్పుడు పడే అయోమయం చూసి తీరాలి. కూతురు చెడిపోతానని చెప్పి ఉంటే ఏం అనాలో ఆ తల్లికి తెలిసేది. మరీ ఇంత బాగుపడిపోతానంటే ఏమని తిట్టాలి?

మరో చోట ఒక మంత్రాల మోసగాడు, అతని మాటలు నోరు తెరుచుకుని వినే ఓ గుమాస్తా. మధ్యలో కుర్రకారు గోల. జపాను నుంచి వచ్చిన ఓ కుటుంబం. ఒక మూల, రోజూ ఒంటరిగా వచ్చి కూర్చునే పెద్దాయన. అందరూ మాస్టారూ అని పిలుస్తారు, ఇంటిపేరు పెజ్జుల్లో. ఆ పాత్ర విత్తోరియో గాస్మన్‌ది. ఆయన తినేది తక్కువ, చూసేది ఎక్కువ. పక్క టేబుల్ మాటలు వినడం మర్యాద కాదని అందరికీ చిన్నప్పుడే నేర్పుతారు. ఈయన ఆ మర్యాద ఎప్పుడో వదిలేశాడు. ప్రేక్షకుడి తరఫున సినిమా లోపల కూర్చున్న మనిషి ఆయనే అనిపిస్తుంది.

వంటింట్లో ఇంకో ప్రపంచం. పెద్ద వంటవాడు దూయిల్యో పాత కమ్యూనిస్టు. గరిటె తిప్పినంతసేపూ కాలం మీద, పార్టీ మీద, కింద పనిచేసే కుర్రాళ్ళ మీద సణుగుతూ ఉంటాడు. ఈ సణుగుడు దర్శకుడికి పరాయిదేం కాదు. స్కోలా ఇటలీ కమ్యూనిస్టు పార్టీ మనిషి. 1989లో ఆ పార్టీ ఏర్పాటు చేసుకున్న ఛాయా మంత్రివర్గంలో సాంస్కృతిక వ్యవహారాలు చూసింది ఆయనే. రెండేళ్ళు తిరక్కుండా ఆ పార్టీయే రద్దయిపోయింది. 1998 నాటికి ఆ కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియని వాళ్ళు ఇటలీలో లక్షల్లో ఉన్నారు. స్కోలా దాన్ని తీసుకెళ్ళి పొయ్యి దగ్గర పెట్టాడు. ఉపన్యాసంగా చెబితే విసుగొచ్చేది. ఉల్లిపాయలు తరుగుతూ తిడితే వినబుద్ధేస్తుంది.

ఇందులో ఏ టేబుల్ కథనీ స్కోలా ఒక్క బిగిని చెప్పడు. ప్రొఫెసరు జవాబు చెప్పబోతుంటే కెమెరా పక్కకి వెళ్ళిపోతుంది. మళ్ళీ వచ్చేసరికి ప్లేట్లు మారి ఉంటాయి, గొంతులు మారి ఉంటాయి. మధ్యలో ఏమైందో మనమే పూరించుకోవాలి. సర్వరు చేసే పనే ఇది. ఇటలీ భోజనం దీనికి బాగా కలిసొచ్చింది. మనలాగా అన్నీ ఒకేసారి విస్తట్లో పడవు. ముందు చిన్న చిన్న రుచులు, తర్వాత పాస్తా, ఆ తర్వాత మాంసమో చేపో, తీపి, కాఫీ. వాయిదాల మీద నడిచే భోజనం. వాయిదా వాయిదాకీ కథ ఒక మెట్టు దిగుతుంది. పాస్తా దగ్గర అబద్ధాలాడిన మనిషి కాఫీ దగ్గరికి వచ్చేసరికి అలిసిపోయి నిజం చెప్పేస్తాడు.

పాత ఖాతాదారులు

స్కోలా ఈ విద్య సినిమాల్లో నేర్చుకోలేదు. కుర్రతనంలో 'మార్క్ ఔరేలియో' అనే హాస్య పత్రికలో బొమ్మలు గీశాడు, జోకులు రాశాడు. ఆయన కంటే ముందు ఫెల్లినీ పనిచేసిన పత్రిక అది. చతురస్రంలో ఇద్దరు మనుషుల్ని కూర్చోబెట్టి, కింద ఒకే ఒక్క వాక్యంతో వాళ్ళ కాపురం మొత్తం చెప్పడం కార్టూనిస్టు పని. వార పత్రికల బొమ్మల నుంచి తెర మీదికి నడిచిన బాపుని ఎరిగిన మనకి ఈ దారి కొత్త కాదు. 'లా చేనా'లో ప్రతి టేబులూ అలాంటి ఒక కార్టూనే, కాకపోతే కింద వ్యాఖ్య ఎప్పటికప్పుడు మారిపోతుంటుంది. కథ రాయడంలో స్కోలాకి తోడు ఫూరియో స్కార్పెల్లి. ఇటలీ హాస్య చిత్రాలకి దశాబ్దాల పాటు కలం పట్టిన మనిషి. వీళ్ళతోపాటు స్కోలా కూతురు సిల్వియా, స్కార్పెల్లి కొడుకు జాకొమో. రెండిళ్ళ వాళ్ళు నలుగురు కూర్చుని రాసిన స్క్రిప్టు. ప్రొఫెసరు ముందు ఆ అమ్మాయి మాటలు అంత పదునుగా ఉండడానికి, పెద్దవాళ్ళు రాసింది పిల్లలు దిద్దడం కూడా ఒక కారణమేమో.

ఈ సినిమాలో నాకు మరీ నచ్చిన సంగతి ఇంకొకటుంది. ఆ టేబుళ్ళ దగ్గర కూర్చున్నవాళ్ళు ఫ్లోరాకే కాదు, స్కోలాకీ పాత ఖాతాదారులే.

గాస్మన్ సంగతే చూడండి. 1964లో స్కోలా మొదటిసారి మెగాఫోన్ పట్టిన సినిమాలో చిన్న చిన్న కథలు చాలా ఉన్నాయి, అన్నింటిలోనూ మగవేషం గాస్మన్‌దే. అంతకు రెండేళ్ళ ముందు 'ఇల్ సొర్పాస్సో'లో కారు తోలుకుంటూ తిరిగిన జల్సారాయుడూ ఆయనే. ఆ కథ రాసినవాళ్ళలో స్కోలా ఒకడు. ముప్పై ఆరేళ్ళ తర్వాత ఆ జల్సారాయుణ్ణి మూల టేబుల్ దగ్గర ఒంటరిగా కూర్చోబెట్టాడు.

1974లో 'మేమంతా ఎంతగానో ప్రేమించుకున్నాం' అనే అర్థం వచ్చే పేరుతో స్కోలా ఒక సినిమా తీశాడు. యుద్ధకాలంలో కలిసి పోరాడిన ముగ్గురు స్నేహితుల కథ. వాళ్ళు చేరే చోటు ఒక చవక భోజనశాల. సగం ప్లేటు భోజనానికి పేరుమోసింది. జేబులో పూర్తి ప్లేటుకి డబ్బుల్లేని రోజుల్లో అక్కడే తిన్నారు, అక్కడే ప్రేమించారు, అక్కడే తగువు పడ్డారు. అందులో గాస్మన్ తన స్నేహితుడి ప్రియురాలిని తన్నుకుపోతాడు. ఆ ప్రియురాలు స్తెఫానియా సాండ్రెల్లి. ఇరవై నాలుగేళ్ళ తర్వాత ఇద్దరూ మళ్ళీ స్కోలా హోటల్లోనే ఉన్నారు, వేర్వేరు టేబుళ్ళ దగ్గర, ఒకరికొకరు ఏమీ కాకుండా.

1987లో 'లా ఫమీల్యా' వచ్చింది. ఎనభై ఏళ్ళ కథ, కెమెరా ఒక్కసారి కూడా ఇల్లు దాటి బయటకు పోదు. అందులో గాస్మన్ సాండ్రెల్లిని పెళ్ళి చేసుకుని, బతుకంతా ఆవిడ అక్కచెల్లెళ్ళలో ఒకామె మీద మనసు పెట్టుకుని ఉంటాడు. ఆమె పాత్ర ఫానీ ఆర్దాన్‌ది. ఇప్పుడు 'లా చేనా'లో మాస్టారు ఫ్లోరాని చూసే చూపు తలుచుకోండి. ఆ సినిమా చూసినవాళ్ళకి ఈ చూపు వయసు పదకొండేళ్ళు. జాన్నీనీకీ ఓ ఖాతా ఉంది. 1970లో స్కోలా తీసిన ప్రేమా అసూయల హాస్య చిత్రంలో, మార్చెల్లో మాస్త్రోయాన్ని, మోనికా విట్టి మధ్యలో దూరిన కుర్రాడు అతనే. ఆ కుర్రాడి పని పిజ్జాలు కాల్చడం. ఇన్నేళ్ళకి పొయ్యి ముందు నుంచి టేబుల్ ముందుకొచ్చి, ఫిలాసఫీ ప్రొఫెసరై కూర్చున్నాడు.

ఇవన్నీ తెలియకపోయినా సినిమా అర్థమవుతుంది. తెలిస్తే పక్క టేబుల్ వాళ్ళ పాత గొడవలు మనకి ముందే ఎవరో చెప్పి ఉంచినట్టు ఉంటుంది.

ఒకే చోట కథ కట్టేయడం స్కోలాకి మొదటినుంచీ ఇష్టం. 1938 మే 6న, హిట్లర్ రోమ్ పర్యటనలో ఉన్న రోజు, అపార్టుమెంట్లలో జనమంతా ఊరేగింపు చూడ్డానికి పోతే మిగిలిపోయిన ఓ ఇల్లాలు, ఓ ఒంటరి మగవాడు: 1977లో సోఫియా లోరెన్, మాస్త్రోయాన్నిలతో తీసిన సినిమా అది. ఊరేగింపు మనకి కనపడదు, రేడియోలో వినిపిస్తూనే ఉంటుంది. 1983 నాటి 'లె బాల్'లో ఒక డాన్సు హాలు, అందులో యాభై ఏళ్ళ ఫ్రాన్సు చరిత్ర, మాటలే లేవు. 1980 నాటి 'లా తెర్రాత్సా'లో ఒక మేడ మీద విందు. ఇంటావిడ భోజనానికి రమ్మని కేకేస్తుంది, జనం లేస్తారు, వాళ్ళలో ఒకడి వెంట కథ వెళుతుంది. అది అయ్యాక మళ్ళీ అదే మేడ, అదే పిలుపు, ఇంకొకడి కథ. 'లా చేనా'కి వచ్చేసరికి ఆ వెనక్కి తిప్పడాలు కూడా మానేశాడు. గడియారం ఎటు నడిస్తే అటే.

తలుపు లేని పిడి

రెస్టారెంటులో సాయంత్రం అనగానే సినిమా పిచ్చి ఉన్నవాళ్ళకి ముందు గుర్తొచ్చేది స్కోలా కాదు, జాక్ తాతి. 1967లో వచ్చిన 'ప్లేటైమ్' కోసం ఆయన పారిస్ శివార్లలో గాజు మేడలతో ఏకంగా ఒక ఊరే కట్టించాడు. జనం దాన్ని తాతివిల్ అన్నారు. ఆ ఖర్చుతో మనిషి దివాలా తీశాడు. సినిమా రెండో సగంలో ఎక్కువ భాగం రాయల్ గార్డెన్ అనే కొత్త రెస్టారెంటు ప్రారంభోత్సవ రాత్రి. పనివాళ్ళు ఇంకా మేకులు కొడుతూనే ఉన్నారు, అతిథులు రావడం మొదలుపెట్టేశారు. నేల మీద అప్పుడే అతికించిన పలక ఒకటి సర్వరు బూటుకి అంటుకుని లేచొస్తుంది. ఒక చేపని బండి మీద పెట్టి తెస్తారు. ఒక సర్వరు దానికి మిరియాలు, రసం అన్నీ తగిలించి వెళ్ళిపోతాడు. ఇంకొకడు వచ్చి, ఎవరూ వేయలేదనుకుని మళ్ళీ మొదటినుంచీ వేస్తాడు. ఆ చేప ఎవరి నోటికీ చేరదు.

గుమ్మం దగ్గర గాజు తలుపు పగిలిపోతుంది. ద్వారపాలకుడు ఏం చేస్తాడు? ఇత్తడి పిడి ఒక్కటే చేత్తో పట్టుకుని, లేని తలుపుని తెరుస్తూ మూస్తూ వచ్చినవాళ్ళందరికీ వంగి నమస్కారం పెడతాడు. వచ్చినవాళ్ళు కూడా తలుపు ఉన్నట్టే నడుచుకుంటారు, కొందరు బక్షీసు కూడా ఇస్తారు. కుర్చీల వీపు మీద కిరీటం బొమ్మ ఉంటుంది. ఆ ముద్ర కూర్చున్నవాళ్ళ కోట్ల మీద పడి, లేచినప్పుడు అందరి వీపుల మీదా కిరీటాలు కనిపిస్తాయి. ఒక సర్వరు ప్యాంటు చిరుగుతుంది. అతన్ని బయట నిలబెడతారు. ఇక అక్కణ్ణుంచి ఎవరికి బూటు ఊడినా, కోటు చిరిగినా, బో టై మురికైనా, పాడైనది తెచ్చి అతనికి తగిలించి, అతని దగ్గరున్న మంచిది పట్టుకుపోతారు. రాత్రి గడిచేకొద్దీ హోటల్ అవమానమంతా ఒక్కడి ఒంటి మీదికి చేరుతుంది. ఇందులో మాటలు దాదాపు వినపడవు. పక్క టేబుల్ మాటలు వినాలన్న ఆశ స్కోలాది. పక్క టేబుల్ వాళ్ళ కదలికలు చూస్తే చాలునన్నది తాతి లెక్క.

1996లో అమెరికాలో వచ్చిన 'బిగ్ నైట్' ఇంకో రకం. స్టాన్లీ టూచీ, క్యాంప్‌బెల్ స్కాట్ కలిసి దర్శకత్వం చేశారు. ఇటలీ నుంచి వచ్చి న్యూజెర్సీలో హోటల్ పెట్టిన అన్నదమ్ములు ప్రీమో, సెకొందో. రెండు పేర్లూ భోజనంలో వాయిదాల పేర్లే. అన్న వంట దేవుడిచ్చిన వరం, తమ్ముడి చేతిలో అప్పుల చిట్టా. ఒకావిడ రిసొట్టో తెప్పించుకుని, దాంతోపాటు స్పగెట్టీ కూడా కావాలంటుంది. బిర్యానీలో పప్పు కలుపుకుంటానన్నట్టు. వంటింట్లో అన్న ఒంటికాలి మీద లేస్తాడు. చివరికి ఓ పేరున్న గాయకుడు వస్తాడని నమ్మి, ఉన్న డబ్బంతా పెట్టి ఒక రాత్రి విందు చేస్తారు. ఆయన రాడు. విందు మాత్రం జరిగిపోతుంది. తిని తిని ఒకావిడ, మా అమ్మ వంట ఎంత పాడుగా ఉండేదో అని ఏడుస్తుంది. తెల్లారాక తమ్ముడు వంటింట్లో గుడ్లు కొట్టి అట్టు వేస్తాడు. నూనె కాగడం, గుడ్డు గిలక్కొట్టడం, అట్టు తిరగేయడం, మూడు ముక్కలు చేయడం, అన్నీ ఒకే షాటులో. రాత్రి పోట్లాడుకున్న అన్నదమ్ములు పక్కపక్కన కూర్చుని తింటారు. ఒక్క మాట లేదు. వంటని ఇంత ఓపికగా చూపించిన దృశ్యం సినిమాల్లో అరుదు. 'లా చేనా'లో స్కోలాకి ఆ ఓపిక లేదు. ఆయనకి ప్లేటులో ఏముందో అక్కర్లేదు, ప్లేటు మీదుగా ఏం మాట్లాడుకుంటున్నారో కావాలి.

ఈ మధ్యకాలంలో మొగ్గు వంటింటి వైపు తిరిగింది. 2021 నాటి ఇంగ్లీషు సినిమా 'బాయిలింగ్ పాయింట్' మొత్తం ఒకే షాటు, కట్ లేదు. దర్శకుడు ఫిలిప్ బరాంటీనీ తానే ఒకప్పుడు వంటవాడు. ఎనిమిదిసార్లు తీసి బాగున్నది వాడుకుందామనుకున్నారు. 2020 మార్చిలో కోవిడ్ ముంచుకొచ్చింది, నాలుగుసార్లతో సరిపెట్టారు, మూడోది సినిమాగా వచ్చింది. క్రిస్మస్ ముందు రద్దీ రాత్రి, తనిఖీ అధికారి వచ్చి రేటింగ్ తగ్గించి వెళతాడు. దాంతో మొదలవుతుంది పతనం. ఇందులో చిన్న సంగతి ఒకటి కత్తిలా గుచ్చుకుంటుంది. ఒక టేబుల్ దగ్గర పెద్దమనిషి నల్లజాతి సర్వరమ్మాయితో పుల్లవిరుపుగా మాట్లాడతాడు, తెచ్చినదాంట్లో వంక పెడతాడు. అదే టేబుల్‌కి తెల్లజాతి అమ్మాయి వస్తే అదే నోట్లోంచి తేనె కారుతుంది. ఎవరూ దాని మీద వ్యాఖ్యానించరు. కెమెరా ఆగదు కాబట్టి ఆగి బాధపడే తీరిక కూడా ఆ అమ్మాయికి లేదు.

దీని పక్కన పెడితే 'లా చేనా' పాతకాలపు సినిమాలాగే కనిపిస్తుంది. అందులో లోపాలూ ఉన్నాయి. టేబుళ్ళు మరీ ఎక్కువైపోయాయి. కొన్నిటి దగ్గర ఒక జోకు అవగానే చెప్పడానికి ఏమీ మిగలదు, అయినా కెమెరా మర్యాద కోసం మళ్ళీ వెళ్ళి పలకరిస్తుంది. కుర్రకారుని చూసే చూపులో పెద్దాయన చిరాకు దాగదు. ఆ గుంపులో ఎవరి ముఖమూ గుర్తుండదు. పరదేశీ కుటుంబం అక్కడ ఎందుకుందంటే, రోమ్ అన్నాక టూరిస్టులు ఉండాలి కాబట్టి అన్నట్టే ఉంటుంది. ఇన్ని చెప్పుకున్నా ప్రొఫెసరు టేబుల్ దగ్గరికి కథ తిరిగొచ్చిన ప్రతిసారీ నేను ముందుకు వంగి చూస్తాను.

పూటకూళ్ళమ్మ నుంచి 'అ!' దాకా

అన్నం అమ్మే ఆడమనిషి తెలుగు కథకి కొత్తా? విజయనగరంలో గిరీశం మేసింది పూటకూళ్ళమ్మ ఇంట్లోనే. సామాన్లకని ఆవిడిచ్చిన డబ్బు తీసుకెళ్ళి మధురవాణికి సమర్పించుకున్నదీ అతనే. చీపురు పట్టుకుని ఆవిడ వెతుక్కుంటూ వచ్చినప్పుడు మంచం కింద దూరిన ఘట్టానికి నూటపాతికేళ్ళు దాటినా నవ్వు తగ్గలేదు. కానీ గురజాడ మనల్ని పూటకూళ్ళమ్మ భోజనశాలలో ఓ రాత్రి కూర్చోబెట్టలేదు. అక్కడ వరసగా కూర్చుని తినే వకీలు గుమాస్తాలు, కోర్టు పక్షులు, చదువుకునే కుర్రాళ్ళు, వీళ్ళ మధ్య మాటలు ఎలా ఉండేవో ఊహించుకుంటే నోరూరుతుంది.

ఒకే చోట, ఒకే సాయంత్రం అన్న కట్టుబాటు మన రంగస్థలానికి కొట్టిన పిండి. పరిషత్తు నాటికలన్నీ చాలావరకు ఒకే సెట్టులో, గంట లోపు తేలిపోయేవే. సినిమాకి వచ్చేసరికి ఆ పట్టు వదిలేశాం. మన తెర మీద రెస్టారెంటు అంటే పెళ్ళిచూపులకి ఓ పది నిమిషాలు, బ్రేకప్‌కి ఓ ఐదు నిమిషాలు, లేకపోతే టేబుళ్ళు విరిగే ఫైటు. 2020లో వచ్చిన 'మిడిల్ క్లాస్ మెలొడీస్' గుంటూరులో టిఫిన్ హోటల్ పెట్టాలనుకున్న కుర్రాడి కథని బొంబాయి చట్నీ చుట్టూ ఎంతో ఇష్టంగా చెప్పింది. అయితే అది హోటల్ పెట్టడం గురించిన కథ, హోటల్లో కూర్చున్నవాళ్ళ కథ కాదు.

తెలుగులో నిజంగా రెస్టారెంటు తలుపులు మూసి లోపల కథ నడిపింది ప్రశాంత్ వర్మ. 2018లో నాని నిర్మించిన 'అ!'. కాజల్, నిత్యా మీనన్, రెజీనా, ఈషా రెబ్బా, అవసరాల శ్రీనివాస్, మురళీ శర్మ, ప్రియదర్శి. ఒకే రెస్టారెంటు, ఒక్కో మూల ఒక్కో కథ. వంట రాని వంటవాడికి తొట్టిలో చేప సలహాలు చెబుతుంది, నాని గొంతుతో. పక్కన బోన్సాయ్ చెట్టు రవితేజ గొంతుతో మాట్లాడుతుంది. ఇక్కడా ఒక ఇంద్రజాలికుడున్నాడు, స్కోలా హోటల్లో ఉన్నట్టే. అక్కడ అతను మోసగాడు, ఇక్కడ గర్విష్ఠి. రోమ్‌లో అయినా హైదరాబాదులో అయినా నలుగురు కూర్చున్న చోట గారడీవాడు ఒకడు లేకపోతే రచయితలకి తోచదు కాబోలు. ఆ సినిమాకి మేకప్, స్పెషల్ ఎఫెక్ట్స్ విభాగాల్లో 66వ జాతీయ అవార్డులొచ్చాయి. వాటికి తగినవే. నా ఫిర్యాదు ఒక్కటే. ఇన్ని కథలు ఒకే చోట ఎందుకున్నాయో చివర్లో సినిమా ఒక కారణం చెబుతుంది. చూడనివాళ్ళ కోసం అదేమిటో ఇక్కడ రాయను. ఆ కారణం తెలివైనదే, బరువైనదే. కానీ అది తెలిసిన క్షణం నుంచి టేబుళ్ళ దగ్గర కూర్చున్న మనుషులు మనుషులుగా మిగలరు, ఒక పజిల్‌లో ముక్కలైపోతారు. ఫ్లోరా హోటల్లో వాళ్ళందరూ ఒకే చోట ఎందుకున్నారంటే, ఆకలేసి వచ్చారు. దానికి మించి కారణం స్కోలాకి అవసరపడలేదు.

మనవాళ్ళు ఇలాంటిది తీయాలంటే డబ్బు పెద్ద అడ్డంకి కాదు. ఒక్క సెట్టు చాలు. ఎండావానల బెంగ లేదు, ఊళ్ళు తిరిగే ఖర్చు లేదు. నటులకీ కొరత లేదు. రెండు సీన్లు ఇస్తే సినిమా మోసుకుపోయేవాళ్ళు ఇవాళ తెలుగులో పాతికమందికి తక్కువ లేరు. విజయవాడ బస్టాండు ఎదుట ఓ భోజన హోటల్, శ్రావణమాసం రాత్రి, పెళ్ళిళ్ళకి పోయేవాళ్ళు, కౌన్సెలింగుకి పిల్లల్ని తీసుకొచ్చిన తండ్రులు, అమెరికా నుంచి వచ్చి నెయ్యి వద్దనేవాళ్ళు, కౌంటరు దగ్గర కూర్చుని అందర్నీ గమనించే ఓనరమ్మ. రాయడం మొదలుపెడితే కలం ఆగదు. కానీ కథ వినే నిర్మాత మొదట అడిగే ప్రశ్న ఒకటుంటుంది: ఇంతకీ హీరో ఏ టేబుల్ దగ్గర కూర్చుంటాడండీ?

ఇటలీలో సినిమా జర్నలిస్టులు ఏటా ఇచ్చే నాస్త్రో దర్జెంతో అవార్డులకీ 1999లో ఇదే చిక్కొచ్చింది. సహాయ నటి విభాగంలో తల్లి వేషం వేసిన సాండ్రెల్లికి ఇచ్చేశారు. మగవాళ్ళలో మూల టేబుల్ గాస్మన్‌కి ఇస్తే ప్రొఫెసరుకి అన్యాయం, ప్రొఫెసరుకి ఇస్తే వంటవాడికి, వంటవాడికి ఇస్తే గుమాస్తాకి. చివరికి సహాయ నటుడి అవార్డు 'లా చేనా'లో మగపాత్రలు వేసిన అందరికీ కలిపి ఇచ్చారు.